ఏడో నంబరు వైరు

"లోపలికెళ్లాక ఆవిడ పేరు మాత్రం ఎత్తకండి మేడం. వింటుంది."

గేటు దగ్గర వాచ్‌మన్ గొంతు తగ్గించి చెప్పిన మాటకి ఇన్‌స్పెక్టరమ్మ ఆగిపోయింది.

"ఎవరు? నిన్న పోయినావిడా?"

"అయ్యయ్యో, ఆవిడ కాదండీ. పక్కింటావిడ."

పక్కింటావిడంటే ఎవరో మెట్లెక్కేలోగా హెడ్ కానిస్టేబుల్ చెప్పాడు. పేరు పెట్టి పిలిస్తే పలికి, దీపం వెయ్యమంటే వేసి, పాట పెట్టమంటే పెట్టే చిన్న గుండ్రటి యంత్రం. ఇన్‌స్పెక్టరమ్మ వంటింట్లోనూ ఒకటుంది, కూతురు కొనిపెట్టింది. ఈ కంపెనీలో జరిగే పనల్లా ఒక్కటే: పిలవకుండానే ఆ యంత్రం లేవకుండా చూడటం. టీవీలో ఎవరో ఏదో అన్నా, గిన్నె కింద పడ్డా, పసిపిల్ల ఏడ్చినా అది తననే పిలిచారనుకుని చెవులు రిక్కించకూడదు. అందుకని ఇక్కడ పనిచేసేవాళ్లెవరూ దాని పేరు నోటితో పలకరు. పొరపాటున పలికితే చుట్టుపక్కల ఉన్నవన్నీ ఒక్కసారే "చెప్పండి" అంటాయి, ఆ రోజు పరీక్షంతా పాడవుతుంది. వాళ్లలో వాళ్లు చెప్పుకోవడానికి పక్కింటావిడ అని పేరు పెట్టుకున్నారు.

రెండో అంతస్తులో కంపెనీవాళ్లు ఒక ఉత్తుత్తి ఇల్లు కట్టారు, కాగితాల్లో దాని పేరు నమూనా ఇల్లు. హాలు, వంటిల్లు, పడగ్గది, స్నానాలగది. అన్నీ నిజమైనవే, మనుషులే లేరు. గోడల్లో దాచిన స్పీకర్లలోంచి పొద్దస్తమానం సంసారం చప్పుళ్లు వినిపిస్తుంటాయి. వాటి మధ్య తొమ్మిది యంత్రాలు పెట్టి, ఏది ఎన్నిసార్లు ఉత్తపుణ్యానికి లేచిందో రాసుకుంటారు. ఆ ఇంటి బాధ్యత చూసే ఇంజనీరుని అందరూ 'ఇల్లాలు' అని పిలిచేవాళ్లు. నలభై ఒక్కేళ్ల మనిషి. నిన్న పదకొండూ ఇరవైకి ఒక్కతే ఆ ఇంట్లోకి వెళ్లింది. పదకొండూ ముప్ఫై ఒకటికి స్నానాలగదిలో గ్యాస్ గీజరు వెలిగించింది, ఆ భగ్గుమనే చప్పుడికి యంత్రం లేస్తుందేమో చూడాలని. పదకొండూ నలభై రెండుకి స్నానాలగదిలో గాలిని బయటికి లాగే ఫ్యాను ఆగిపోయింది. చప్పుడు బయటికి పోకూడదని కట్టిన ఇల్లు, గాలికి మాత్రం దారెక్కడిది? మంటలోంచి వచ్చే విషవాయువుకి వాసనుండదు, రంగుండదు. పన్నెండున్నర దాటాక తలుపు తెరిస్తే ఇల్లాలు నేలమీద పడుంది, చెంప కింద చెయ్యి పెట్టుకుని, కాసేపు నడుం వాల్చినట్టు.

సేఫ్టీ ఆఫీసరు గదిలో గోడగడియారం రెండూ నలభై చూపిస్తోంది. ఆయన పోలీసుల్లోంచి రిటైరై ఇక్కడ చేరినవాడు. పన్నెండేళ్ల కిందట ఇన్‌స్పెక్టరమ్మకి పైఅధికారి.

"రా అమ్మాయ్, కూర్చో. జుట్టు బాగా నెరిసిందే!"

"మీకు ఊడిపోయిందిగా సార్. ఎవరికి రావాల్సింది వాళ్లకొచ్చింది."

ఆయన నవ్వాడు. నవ్వుతూనే ఒక కాగితం ముందుకు తోశాడు.

"నీకు శ్రమ లేకుండా అంతా తీసిపెట్టాను. పదకొండూ నలభై రెండు, ఎనిమిది సెకన్లు. స్నానాలగది బయట గోడకున్న ఏడో నంబరు యంత్రం లేచింది. విన్న మాట, ఫ్యాన్ ఆపు. చేసిన పని, ఫ్యాను ఆపడం. అంతే."

"ఎవరి మాట విని?"

"టేపు మాట. మొగుడూపెళ్లాల గొడవ టేపొకటి తిరుగుతోంది అప్పుడు. అందులో మొగుడు యంత్రాన్ని పేరు పెట్టి పిలిచి ఫ్యాన్ ఆపమంటాడు. మామూలుగా అయితే టేపు మాటకి యంత్రం లేవదు. ప్రతి టేపులోనూ మన చెవికి ఆనని సన్నటి కూత ఒకటి కలుపుతారు. దాన్ని పుట్టుమచ్చ అంటారు వీళ్లు. అది వినిపిస్తే ఇది మనిషి కాదు, టేపు అని యంత్రానికి తెలుస్తుంది. నోరు మూసుకుంటుంది. ఆ టేపుకి మచ్చ లేదు. వెయ్యాల్సిన టేపుల పిల్ల వెయ్యలేదు."

"అదే టేపు నిన్న పొద్దుట్నించీ ఎన్నిసార్లు తిరిగింది సార్?"

ఆయన కాగితం మీద వేలు పెట్టి చూశాడు. "నాలుగు."

"మూడుసార్లు లేవనిది నాలుగోసారే ఎందుకు లేచింది?"

"పొరపాటంటే అదేగా అమ్మాయ్! రోజూ ఒకే వేళకి జరిగితే దాన్ని డ్యూటీ అంటారు." ఇంకో కాగితం తీశాడు. "ఇదిగో కంప్లయింటు. కంపెనీ తరఫున నేను పెట్టాను. కింద రెండో సంతకం ఎవరిదో చూడు. పోయినావిడ మొగుడిది. మా ఎలక్ట్రీషియనే. టేపుల పిల్లకి స్వయానా అన్నయ్య. సొంత చెల్లెలి మీద సంతకం పెట్టాడంటే వాడి కడుపు ఎంత మండిపోయుంటుందో ఆలోచించు. మీ పైవాళ్లతోనూ మాట్లాడాను. ఐదింటికల్లా పిల్ల స్టేషన్లో ఉండాలి."

ఆ మాట నిజమే. ఆమెకీ పొద్దున్నే పైనుంచి ఫోనొచ్చింది.

"ఐదింటికి ఇంకా రెండు గంటల పైన ఉంది సార్," అని లేచింది ఇన్‌స్పెక్టరమ్మ.

టేపుల గది ఉత్తుత్తి ఇంటికి గోడ అవతలే ఉంది. టేపుల పిల్లకి ముప్ఫై ఏళ్లొచ్చినా ఆ పేరు పోలేదు. మనిషి ఏడ్చీ ఏడ్చీ కళ్లు వాచి ఉంది కానీ, కంప్యూటరు ముందు బల్ల మాత్రం తుడిచి శుభ్రంగా ఉంచుకుంది.

"మచ్చ వేశావా?"

"వేశానండీ."

"ఇప్పుడు చూస్తే లేదంటున్నారు."

"లేదండీ. నేనూ చూశాను. వేశానన్నది నిజం, లేదన్నదీ నిజం. నాకు పిచ్చెక్కేలా ఉందండీ."

"అలవాటు పని. వేశాననుకుని మర్చిపోయావేమో. గ్యాస్ కట్టేశాననుకుని మనం ఊరెళ్లిపోమూ?"

"అందుకే మేడం, నిన్నట్నించీ అదే అనుకుంటున్నా. నా చేతుల్తో వదినని..." మాట పూర్తికాలేదు. కొంగుతో నోరు నొక్కుకుంది. కాసేపటికి తేరుకుంది. "వదిన కాపురానికొచ్చినప్పుడు నాకు పదకొండేళ్లు. జడ వెయ్యడం, సైకిలు నేర్పడం, ఈ ఉద్యోగం, అన్నీ ఆవిడే. నిన్న ఇంటికెళ్తే అన్నయ్య తలుపు తియ్యలేదండీ. నన్ను జైల్లో పెట్టినా సరే, అన్నయ్య అలా అనుకుంటే మాత్రం నేను బతకలేను."

ఇన్‌స్పెక్టరమ్మ గొంతు కొంచెం మెత్తబడింది. "ఆ టేపుల్లో మాట్లాడేది ఎవరు?"

"నటులండీ. ఎక్కడో స్టూడియోలో మాట్లాడిస్తారట. నేనెప్పుడూ చూడలేదు. రోజూ కొత్తవి ఇందులోకి వచ్చి పడుతుంటాయి, నేను మచ్చ వేసి ఇంట్లోకి పంపిస్తా."

"మీ వదిన చూసిందా వాళ్లని?"

టేపుల పిల్ల తల ఎత్తింది. "పోయినవారం వదిన కూడా ఇదే అడిగింది నన్ను. ఒక ముసలాయన ఏడుపు టేపుంటే పదిసార్లు పెట్టించుకుని వింది. 'ఇది నటించే ఏడుపు కాదే' అంది. సేఫ్టీ సారుని అడుగుతానంది."

"అడిగిందా?"

"మొన్న సాయంత్రం ఆయన గదిలోంచి రావడం చూశానండీ. ఆటోలో ఇంటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు."

ఇన్‌స్పెక్టరమ్మ పుస్తకంలో 'మొన్న సాయంత్రం' అని రాసి కింద గీత గీసింది.

"గీజరు వెలిగించి ఆ గదిలో పనిచెయ్యాలంటే భయం లేదా ఆవిడకి? మిషను ఏ క్షణాన ఏం వింటుందో తెలీదు కదా."

"లేకేమండీ! వాళ్ల నాన్న కరెంటు లైన్‌మన్. స్తంభం ఎక్కేముందు ఫ్యూజు పీకి జేబులో వేసుకుని ఎక్కేవాడట. కింద ఎవడు ఏ స్విచ్చి నొక్కినా ఫ్యూజు నా దగ్గరుంటే ప్రాణం నా దగ్గరున్నట్టే అనేవాడట. వదినకీ అదే పద్ధతి. స్నానాలగదిలోకి వెళ్లేముందు బయటున్న పక్కింటావిడ వైరు పీకి జేబులో పెట్టుకునే వెళ్లేది. మైకు ఆపే బొత్తాం ఉంటుంది కానీ దాన్ని నమ్మదు. ఆ బొత్తాం కూడా దాని ఒంటిమీదేగా అనేది. ఇంట్లో చెప్పుకుని నవ్వుకునేవాళ్లం."

ఇన్‌స్పెక్టరమ్మ చేతిలో పెన్ను ఆగిపోయింది. పుస్తకంలో వెనక పేజీ తిప్పాలనిపించింది కానీ తిప్పలేదు. అక్కడ ఏముందో ఆమెకి తెలుసు. పొద్దున ఆసుపత్రి శవాల గది నుంచి అటెండరు ఫోన్లో చదివితే రాసుకున్న జాబితా. కళ్లజోడు ఒకటి, చేతిరుమాలు ఒకటి, తాళాలగుత్తి ఒకటి, నల్ల వైరు ఒకటి. సెల్‌ఫోను చార్జరు వైరు కాబోలనుకుని, దాని గురించి అటెండరు ఇంకా ఏదో చెప్పినా రాసుకోలేదు.

వైరు ఇల్లాలి జేబులో ఉంటే గోడమీద యంత్రానికి కరెంటు లేదు. కరెంటు లేని యంత్రం ఏ మాటా వినదు, ఏ ఫ్యానూ ఆపదు. అంటే ఆ ఎనిమిది సెకన్ల లెక్క ఎవరో కూర్చుని రాసింది. టేపుకున్న మచ్చ చెరిపేసిందీ వాళ్లే అయ్యుండాలి. ఈ పిల్ల మెడమీద ఉన్న కత్తి తొలగాలంటే లోకంలో ఒక్కటే వస్తువుంది. అది ఆసుపత్రిలో ఒక కాగితం కవర్లో ఉంది.

"ఈ వైరు సంగతి ఇంకెవరితోనూ అనకు," అంది. "ఇల్లు చూస్తాను. టేపులు ఆపకు. నిన్న ఎలా తిరుగుతున్నాయో అలాగే తిరగనీ."

ఉత్తుత్తి ఇంటి తలుపు జానెడు మందం. వెనక అది మూసుకోగానే బయటి ప్రపంచం కత్తిరించినట్టు పోయింది. హాల్లో ఎవరూ లేరు. వంటింట్లో మాత్రం ఒకామె గిన్నెలు సర్దుతూ ఎవరినో సాధిస్తోంది. "ఎన్నిసార్లు చెప్పాలి నీకు? ఎన్నిసార్లు?" ఇన్‌స్పెక్టరమ్మ వెళ్లి చూస్తే నూనెమరక పడని స్టవ్వు, నీళ్లు తగలని సింకు. గొంతు సింకు పక్కనుంచే వస్తోంది. లోపల పసిపిల్ల గుక్కపట్టింది. ఇరవై ఆరేళ్లుగా సంసారం చేస్తున్న మనిషి, ఆ ఏడుపుకి కాళ్లు వాటంతటవే కదిలాయి. రెండడుగులు వేశాక గుర్తొచ్చి ఆగింది.

"మనుషుల్లేకుండా ఇంత గొడవేంటి మేడం," అన్నాడు హెడ్డు. "మా ఇల్లే నయం. తిట్టేది ఎవరో కనిపిస్తుంది."

పడగ్గదిలో ఎవరో మగమనిషి దగ్గాడు. హెడ్డు ఉలిక్కిపడి లాఠీ మీద చెయ్యి వేశాడు.

"టేపేనయ్యా," అంది ఆమె. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

స్నానాలగది తలుపు పక్కన, భుజాలెత్తులో, గోడకి ఏడో నంబరు యంత్రం. దాని నుంచి నల్లటి వైరు కింద ప్లగ్గులోకి దిగుతోంది. కరెంటుంది, పచ్చదీపం వెలుగుతోంది. ఆమె దాన్ని ముట్టుకోకుండా వెనక్కి తిరిగి ఇల్లంతా తిరిగింది. హాల్లో మూడు, వంటింట్లో రెండు, నడవలో ఒకటి, పడగ్గది గుమ్మం దగ్గర ఒకటి, ఆ పక్కన ఇంకొకటి. ప్రతి వైరుకీ తెల్లపట్టీ చుట్టి ఉంది, దానిమీద గుండ్రటి చేతిరాతలో అంకె. ఒకటి, రెండు, మూడు... ఆరు, ఎనిమిది, తొమ్మిది. ఏడో దానికి పట్టీ లేదు. వేలు పోనిచ్చి చూస్తే పెట్టెలోంచి తీసిన మడతలు కూడా పోలేదు వైరుకి. మిగతా ఎనిమిదింటి మీదా దుమ్ముంది. దీనిమీద లేదు.

స్నానాలగది ఫ్యాను స్విచ్చి ఎక్కడుందా అని చూసింది. లోపల లేదు. బయట, ఏడో నంబరు యంత్రానికి జానెడు కింద, మామూలు ఇళ్లల్లో ఉన్నట్టే ఉంది. నోరు తెరిచి ఎవరూ ఏమీ అననక్కర్లేదు. వేలితో నొక్కితే చాలు.

లోపల గీజరు చప్పుడులో ఇల్లాలికి ఆ స్విచ్చి చప్పుడు వినిపించి ఉండదు. ఫ్యాను నెమ్మదిగా ఆగడం మాత్రం తల ఎత్తి చూసి ఉంటుందా? వైరు జేబులోనే ఉంది కదా అని ధీమాగా పని చేసుకుంటూ ఉండిపోయిందా?

ఇన్‌స్పెక్టరమ్మ కొత్త వైరు పీకి కవర్లో వేసి, "పద" అని హెడ్డుని తొందర చేసింది. బయటికొచ్చి తలుపుకి గుడ్డ చుట్టి లక్క సీలు వేయించింది.

సీలు ఆరకముందే సేఫ్టీ ఆఫీసరు వచ్చాడు.

"ఇదేంటి? ప్రమాదం కేసుకి సీలెందుకు?"

"ప్రమాదమని ఇంకా రాయలేదు సార్."

"రాయడానికి చెయ్యి రావట్లేదా? నేను చెప్పనా, నువ్వు రాసుకుంటావా? అప్పట్లో అలాగేగా రాసేదానివి."

"అప్పట్లో రాసినవాటిలో రెండు కేసులు కోర్టులో ఎగిరిపోయాయి సార్. మీరు చెప్పినవి."

ఆయన మొహంలో నవ్వు అలాగే ఉంది, కళ్లలో మాత్రం దీపం ఆరింది. "ఆడదానివి, కష్టపడి పైకొచ్చావు, సంతోషం. కానీ ఎందుకమ్మాయ్ నీకీ తిప్పలు? మీ ఆయన పాపం, టిఫిన్ దగ్గర కూడా శవాల సంగతులేనా అని గోల పెడుతుంటాడు. సాయంత్రం తొందరగా ఇంటికెళ్లు."

వాచీ చూసుకున్నాడు. మూడూ యాభై. చిన్న పనుందనీ, ఐదింటికి స్టేషన్‌కే వస్తాననీ చెప్పి లిఫ్టెక్కాడు.

ఇన్‌స్పెక్టరమ్మ అక్కడే నిలబడిపోయింది. ఆడపోలీసుల మొగుళ్లందరూ అనే మాటే అది, ఆయన ఊరికే అని ఉంటాడు. కానీ ఆమె మొగుడు ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆ మాట అన్నది ఒక్కసారే. ఇవాళ పొద్దున.

నాలుగూ పదికి టేపుల గదిలో కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇవాళ వచ్చినవి పెట్టు."

"ముప్ఫై ఒకటున్నాయండీ. ఇంకా మచ్చ వెయ్యలేదు."

"పెట్టు."

మొదటిదాంట్లో ఎవరో ముసలావిడ మందుల పేర్లు చదువుకుంటోంది. రెండోదాంట్లో అక్కాచెల్లెళ్లు దువ్వెన కోసం కొట్టుకుంటున్నారు. మూడోదాంట్లో ఒకాయన ఎవరికో ఫోన్లో, చాలా మెల్లగా, డాక్టరు చెప్పింది ఇంట్లో చెప్పొద్దంటున్నాడు. ఆ గొంతు వణుకు విని టేపుల పిల్ల మొహం పాలిపోయింది. "ఇదీ నటన కాదా అండీ?" అంది. ఇన్‌స్పెక్టరమ్మ తరవాతిది పెట్టమని సైగ చేసింది.

తొమ్మిదోది కుక్కరు కూతతో మొదలైంది. కూత వెనక ఒక మగగొంతు.

"ఆ ఫోను స్పీకర్లో పెట్టకే తల్లీ! టిఫిన్ దగ్గర కూడా శవాల సంగతులేనా?"

ఇన్‌స్పెక్టరమ్మ చెయ్యి బల్ల అంచుని పట్టుకుంది.

తరవాత సన్నగా, ఫోన్లోంచి, ఆసుపత్రి అటెండరు గొంతు: "కళ్లజోడు ఒకటండీ. చేతిరుమాలు ఒకటి. తాళాలగుత్తి ఒకటి. నల్ల వైరు ఒకటి. దానికి తెల్లపట్టీ, పట్టీమీద ఏడు అని అంకె ఉందండీ." ఆ తరవాత ఆమె గొంతే, నోట్లో ముద్దతో: "సరే, కవర్లో పెట్టి ఉంచు. సాయంత్రం ఐదింటికి నేనే వచ్చి సంతకం పెట్టి తీసుకుంటా."

టేపు ఆగింది.

కుక్కరు కూసింది. వంటింటి గట్టుమీద ఆ గుండ్రటి యంత్రం తననే పిలిచారనుకుని లేచింది. లేచి, విని, మోసుకొచ్చి ఇక్కడ పడేసింది. నటులెవరూ లేరు. ఈ గదిలో ఇన్నాళ్లూ తిరిగినవన్నీ ఇళ్లే. ఇల్లాలు కనిపెట్టింది ఇదే, సేఫ్టీ ఆఫీసరు గదిలో మొన్న సాయంత్రం అడిగిందీ ఇదే.

"దీన్ని ఎవరైనా విన్నారా? తెలుస్తుందా నీకు?"

టేపుల పిల్ల వేలితో వరస చివర చూపించింది. *విన్నవారు: సేఫ్టీ ఆఫీసు. మధ్యాహ్నం 1.55.*

ఇన్‌స్పెక్టరమ్మ అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. అటెండరు మూడో రింగుకి ఎత్తాడు.

"కవరా? ఇచ్చేశాగా మేడం! మీరు పంపిన పెద్దాయన వచ్చారు. మా అమ్మాయి బిజీగా ఉంది, నన్ను తెమ్మంది అన్నారు. పోలీసాయనేగా, కార్డు కూడా చూపించారు. పది నిమిషాలైంది."

"సంతకం?"

"మీరొచ్చి పెడతారన్నారండీ."

ఆమె ఫోను దించింది. హెడ్డుని పిలిచి, వెంటనే ఆసుపత్రికి వెళ్లి గేటు కెమెరా బొమ్మలు తీసుకోమనీ, అటెండరుని పక్కనుంచి కదలనివ్వొద్దనీ చెప్పి పరుగెత్తించింది. టేపుల పిల్ల అంతా విన్నది.

"అయితే... వైరు లేకపోతే నేనేనా మేడం?"

"ఏడవకు. వైరు పోయింది, వైరు ఉందన్న మాట పోలేదు." కంప్యూటరు వైపు చూపించింది. "వాళ్లు దొంగిలించిందే మనకి సాక్ష్యం. పొద్దున ఏడో నంబరు వైరు ఆవిడ జేబులో ఉందని అటెండరు నోటితో చెప్పాడు, వాళ్ల యంత్రమే పట్టుకుంది, ఎప్పుడు ఎవరు విన్నారో వాళ్ల లెక్కలోనే ఉంది. మళ్లీ మొదట్నించీ పెట్టు. గట్టిగా పెట్టు."

ఆ వరస కనపడేలా తన ఫోన్లో వీడియో తీసింది. కుక్కరు కూసింది. మొగుడు గోలపెట్టాడు. అటెండరు జాబితా చదివాడు. చివరి మాటదాకా వచ్చింది. ఆమె వీడియో ఆపి, ఉందో లేదో మళ్లీ చూసుకుంది.

"చాలు. ఇక నిన్నెవరూ ముట్టుకోలేరు. పద, ఇక్కణ్నించి—"

టేపుల పిల్ల ఆమె మోచెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగేలా పట్టుకుంది.

తెరమీద ముప్ఫై ఒకటో వరస కింద ఇంకోటి వచ్చింది. ముప్ఫై రెండు. *చోటు: టేపుల గది. సమయం: 4.26.* పక్కన నిడివి. అది ఆగి లేదు. పెరుగుతోంది. రెండు నిమిషాల పదకొండు సెకన్లు. పన్నెండు. పదమూడు.

"ఈ గదిలో పక్కింటావిడ లేదండీ," అంది టేపుల పిల్ల, పెదాలు మాత్రమే కదిలిస్తూ. "ఉండకూడదు. అది రూలు."

ఇన్‌స్పెక్టరమ్మ వేలు పెదాలమీద పెట్టుకుంది. బల్ల కింద చెయ్యి పోనిచ్చి తడిమింది. వెనకాల, కాలు తగిలే చోట, గుండ్రటిది చల్లగా చేతికి తగిలింది. వరస చివర అక్షరాలు మారాయి.

*వింటున్నవారు: ఒకరు. నమూనా ఇల్లు.*

సేఫ్టీ ఆఫీసరు పది నిమిషాల కిందట ఆసుపత్రిలో ఉన్నాడు. గోడ అవతలి ఇంటికి తలుపు ఒక్కటే, దానికి ఆమె స్వయంగా నిలబడి సీలు వేయించి ముప్పావుగంట కాలేదు. సీలు వేసేటప్పటికే లోపల మనిషి ఉన్నాడు. తను నడిచిన చోట, తను మాట్లాడిన మాటలు వింటూ ఉన్నాడు. పడగ్గదిలో దగ్గింది టేపు కాదు.

గోడమీద స్పీకరు గురకపెట్టింది. ఆ ఇంట్లో చప్పుళ్లు ఇక్కడికి వినిపించేది అందులోంచే.

"చెల్లీ."

నెమ్మదైన గొంతు. అలసిపోయిన గొంతు. టేపుల పిల్ల సగం లేచింది, చీకట్లో ఎవరో దీపం పట్టుకున్నట్టు మొహం వెలిగింది. మరుక్షణం ఆ వెలుగు అలాగే గడ్డకట్టింది.

"అన్నయ్యా?"

"ఆవిడ చేతిలో ఫోను తీసుకో. గొడవ చెయ్యకు. నేనొస్తున్నా, తలుపు తీసిపెట్టు. నీకేం కాదు, సారు మాటిచ్చారు. ఆ కాగితం మీద సంతకం కూడా వెనక్కి తీసుకుంటా. రాత్రికి ఇంటికెళ్లిపోదాం మనం."

ఏడో నంబరు యంత్రానికి కొత్త వైరు పెట్టిన ఎలక్ట్రీషియను ఎవరో, ఫ్యాను స్విచ్చి మీద వేలు ఎవరిదో ఇన్‌స్పెక్టరమ్మకి ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు. లాఠీ హెడ్డుతో పోయింది. ఆమె ఫోను వెనక్కి పట్టుకుని, టేపుల పిల్ల వైపు చూసింది. ఇంటికెళ్లిపోదాం అన్నమాట కోసం ఆ పిల్ల నిన్నట్నించీ ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉంది. ఇప్పుడు ఆ మాట వచ్చింది.

గోడ అవతల లక్క పగిలిన చప్పుడు పుటుక్కుమని వినిపించింది. తరవాత నడవలో అడుగులు.

టేపుల పిల్ల లేచింది. ఏడవడం లేదు. ఎవరివైపూ చూడకుండా తలుపు దాకా నడిచింది. గడియమీద చెయ్యి వేసింది. ఆమెని ఆపాలో, మాట్లాడించాలో ఇన్‌స్పెక్టరమ్మకి తోచలేదు.

"వదిన ఎంతసేపు పిలిచింది అన్నయ్యా నిన్ను?" అంది టేపుల పిల్ల తలుపు చెక్కకి మొహం దగ్గరగా పెట్టి.

అడుగులు ఆగాయి.

ఆమె గడియ వేసింది. పైది వేసింది, కిందది వేసింది, వీపు తలుపుకి ఆనించి నిలబడింది. రెండు క్షణాల తరవాత అవతల్నించి మొదటి దెబ్బ పడింది.